అడిగి కొనాలా, నమ్మి కొనాలా?

తమ్ముడు: చీరకు నాలుగు షాపులు తిరుగుతావు అక్కా, అందులో అర్థముంది. గుడ్డ చేతికి తగులుతుంది, అంచు కంటికి కనబడుతుంది. ఇంటి బీమా కొన్న రోజున చేతికొచ్చేది కాగితం. అదెలాంటి సరుకో తెలిసేది ఇంట్లోకి నీళ్లు వచ్చిన రోజునే. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. అప్పటికి నా స్కూటరుకు పాలసీ చేసిన ఏజెంటు ఒకాయన ఉన్నారు. నీళ్లు తీసీ తీయకముందే ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని బురదలో నడుచుకుంటూ వచ్చారు. "బండి స్టార్ట్ చెయ్యకండి, ఇంజనులోకి నీళ్లు పోయి ఉంటాయి" అన్నారు. ఫోటోలు ఆయనే తీశారు, క్లెయిమ్ ఫారం ఆయనే నింపారు. ఆ తర్వాత ఇంటికీ సామానుకూ కలిపి పాలసీ ఆయన దగ్గరే తీసుకున్నాను. ఇంకో చోట ధర అడగలేదు. అడగాలని అనిపించలేదు.

అక్క: ఆయన వచ్చినందుకు నాకూ గౌరవమే. కానీ అంతకుముందు మాట కూడా చెప్పు. వరద వచ్చేనాటికి మీ ఇంటికి బీమా లేదా? ఉంది. ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు వాళ్లే చేయించారు. ప్రీమియం అప్పులో కలిపేసి ఈఎంఐతో పాటు కట్టించుకున్నారు. తలుపులు ఉబ్బిపోయినందుకు, వైరింగు పోయినందుకు కొంత వచ్చింది. ఫ్రిజ్జుకు, వాషింగ్ మెషీనుకు, పరుపులకు, ఇన్వర్టరుకు రూపాయి రాలేదు. ఎందుకంటే ఆ పాలసీ గోడలకే, గోడల మధ్య ఉన్నవాటికి కాదు. ఆ సంగతి నీకు నీళ్లు తీశాక తెలిసింది. అప్పట్లో ఇంకొక్క చోట అడిగి ఉంటే, "సామాను కూడా కలపమంటారా?" అన్న ప్రశ్న ఎవరో ఒకరి నోటి నుంచి వచ్చేది. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. బీమాలో అయితే ఏం అడగాలో తెలియడానికి కూడా నలుగురినీ అడగాలి.

తమ్ముడు: బ్యాంకు దగ్గర నేను నమ్మి కొనలేదు అక్కా. సంతకాలు పెట్టమన్న చోటల్లా పెట్టాను. నమ్మకం అంటే మనిషిని చూసి పెట్టుకునేది. ఇరవై చోట్ల సంతకం పెడితే అందులో ఒకటి బీమాది అయిందంతే.

అక్క: ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకు. ఇల్లు బురదగా ఉందని మీరు ఇరవై రోజులు మీ అత్తవారింట్లో ఉన్నారు. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, బాగయ్యేదాకా వేరే చోట ఉండే అద్దె కూడా ఆ పాలసీలోనే ఉంటుంది. ఆ సంగతి నీకు ఎవరైనా చెప్పారా?

తమ్ముడు: చెప్పలేదు. నువ్వు చెబుతుంటే ఇప్పుడే వింటున్నాను.

సరే, అయితే నీ మాట మీదే నిలబడి అడుగుతాను. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు అగ్ని బీమా అమ్మే ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ "భారత్ గృహ రక్ష" అనే ఒకే పాలసీ అమ్మి తీరాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా అందులోని మాటలు అవే. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం... జాబితా ఒకటే. రానివీ ఒకటే. అన్నిచోట్లా సరుకు ఒకటే అయినప్పుడు నాలుగు గుమ్మాలు ఎక్కి దిగడం దేనికి? కందిపప్పు రేషను దుకాణంలో తీసుకుంటూ పక్క రేషను దుకాణంలో ధర అడిగినట్టుంటుంది.

అక్క: రేషను దుకాణంలో ధర కూడా ఒకటే, ఇక్కడ అది ఒకటి కాదు. అదే నీ పోలికలో జారిపోయిన సంగతి. నాన్న కాలంలో అగ్ని బీమా ధరలు టారిఫ్ అడ్వైజరీ కమిటీ నిర్ణయించేది. ఏ కంపెనీకి వెళ్లినా అదే రేటు. అప్పుడు విచారించడం నిజంగానే దండగ. 2007 జనవరి 1 నుంచి ఆ కట్టు తీసేశారు, ఎవరి ధర వాళ్లది. మనం మాత్రం ఇప్పటికీ నాన్న అలవాటుతోనే నడుస్తున్నాం. మాటలు ఒకటే, ధరలు వేరు అన్నప్పుడే కదా పోల్చడం సులువయ్యేది!

తమ్ముడు: ఎంత తేడా వచ్చిందేమిటి నీకు?

అక్క: కూకట్‌పల్లి ఫ్లాటుకు మూడు చోట్ల అడిగాను. ఏడాదికి ఎక్కువకూ తక్కువకూ మధ్య నాలుగైదు వందల తేడా. నువ్వు నవ్వబోతున్నావని తెలుసు. డబ్బు తేడా కాదు నన్ను ఆపింది. అడిగిన ముగ్గురూ నా ఇంటి విలువ మూడు రకాలుగా రాశారు.

ఒకరు ఫ్లాటు ఇప్పుడు ఎంతకు అమ్ముడుపోతుందని అడిగారు. 75 లక్షలని చెబితే, 75 లక్షలకే బీమా రాసేశారు. ఇంకొకరు రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న అంకె వేశారు. మూడో చోట ఫోనులో మాట్లాడిన అమ్మాయి మాత్రం "కార్పెట్ ఏరియా ఎంతండీ?" అని అడిగింది. వెయ్యి చదరపు అడుగులు అన్నాను. అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. "ఇప్పుడు అంతే ఇల్లు కట్టాలంటే అడుగుకు ఎంతవుతుందనుకుంటున్నారు?" అంది. 2,200 అన్నాను. అయితే బీమా మొత్తం 22 లక్షలు అంది. పాలసీలో రాసి ఉన్న పద్ధతి అదే. కార్పెట్ ఏరియాను కట్టుబడి ఖర్చుతో గుణించడం. భూమి విలువ అందులోకి రాదు. నేల కాలిపోదు, కొట్టుకుపోదు. 75 లక్షలకు తీసుకుని ఉంటే ఏటా రాని డబ్బుకు ప్రీమియం కడుతూ ఉండేదాన్ని. ఒకే చోట అడిగి ఊరుకుని ఉంటే, ఆ ఒక్క చోటు మొదటిదై ఉంటే, ఎప్పటికీ తెలిసేది కాదు.

తమ్ముడు: ఇది బలమైన మాటే. కాదనను. అయితే ఇందులో నీకు మేలు చేసింది మూడు చోట్ల అడగడం కాదు, మూడో చోట సరైన ప్రశ్న అడిగిన మనిషి. నేను చెబుతున్నదీ అదే. మా ఏజెంటు టేపు పట్టుకుని వచ్చారు. హాలు, రెండు గదులు, వంటిల్లు కొలిచారు. వెనక వేసిన రేకుల షెడ్డు, ప్రహరీ విడిగా రాశారు. కట్టిన మేస్త్రీకి ఫోను చేసి ఇప్పుడు ఇటుక ధర, కూలి ఎంతో అడిగి లెక్క వేశారు. వెబ్‌సైటులో ఈ పని ఎవరు చేస్తారు? అక్కడ పిన్‌కోడ్ అడుగుతారు, ఇంటి విలువ ఎంతని ఒక గడి చూపిస్తారు, నింపగానే తక్కువ ధర పైన, ఎక్కువ ధర కింద వరుసగా వస్తాయి. మనిషి కన్ను పైదాని మీదే పడుతుంది. ఆ గడిలో వేసిన అంకె తప్పయితే, వరుసలో ఉన్నవన్నీ తప్పే. తప్పు అంకెకు అతి తక్కువ ధర వెతుక్కున్నట్టవుతుంది.

అక్క: నువ్వన్నట్టు జరుగుతుంది, నా స్నేహితురాలికి జరిగింది కూడా. కానీ ఈ పాలసీలో ఒక మంచి సంగతి ఉంది. ఇంటికి తక్కువ విలువ రాసుకున్నారని క్లెయిములో కోత పెట్టరు. 20 లక్షల ఇంటికి 10 లక్షలకే చేయించుకుంటే, పాత పద్ధతిలో 4 లక్షల నష్టానికి 2 లక్షలే చేతికొచ్చేవి. సగమే బీమా చేశావు కనుక సగమే ఇస్తామనేవారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు.

తమ్ముడు: లేదు. కానీ ఇల్లు పూర్తిగా పోతే 10 లక్షలే వస్తాయి, మిగతా పది ఎవరిస్తారు? పైగా సామాను లెక్క ఇంటి లెక్క మీదే ఆధారపడి ఉంది. ఇల్లూ సామానూ రెండూ తీసుకుంటే, ఇంటి మొత్తంలో 20 శాతం మామూలు సామానుకు దానంతటదే వస్తుంది, 10 లక్షలకు మించకుండా. నీ 22 లక్షల ఇంటికి 4 లక్షల 40 వేలు. ఇంటికి తక్కువ రాస్తే సామానుకూ తగ్గిపోతుంది. మా ఇంట్లో పోయినవి రాసుకుంటే మంచాలు, బీరువా, టీవీ, రెండు ఏసీలు, బట్టలు, వంటింటి సామాను, పిల్లల పుస్తకాలు... నిజంగా కూర్చుని రాసేదాకా ఇంట్లో ఎంత ఉందో ఎవరికీ తెలియదక్కా. ఆ రాయడానికి ఒక ఆదివారం పడుతుంది. ఆ ఆదివారాన్ని ధరలు అడగడానికి ఖర్చు చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అక్క: జాబితా రాయాలన్న దానిలో మనిద్దరికీ తేడా లేదు. నేనూ రాశాను. ప్రతి గదినీ ఫోనులో వీడియో తీశాను, బిల్లులు ఫోటోలు తీసి నా మెయిలుకు నేనే పంపుకున్నాను. మీ ఇంట్లో బిల్లులు బీరువాలో పెట్టారు, బీరువాతో పాటు అవీ నానిపోయాయి.

ఇప్పుడు దొంగతనం సంగతికొద్దాం. అక్కడే పోల్చి చూడటం నాకు పనికొచ్చింది. సంక్రాంతికి హైదరాబాదులో సగం తలుపులకు తాళాలు పడతాయి. ఫ్లాటుల్లో ఉండేవాళ్లకు వరద కన్నా తాళం పగలడమే పెద్ద భయం. ఇంటి బీమా అంటే దొంగతనం కూడా అందులోనే ఉంటుందని నేనూ అనుకున్నాను. లేదు. వరదో అగ్నిప్రమాదమో జరిగాక ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనమే ఆ ప్రామాణిక పాలసీలోకి వస్తుంది. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే రాదు. అది విడిగా కలుపుకోవాలి. నేను అడిగిన మూడింటిలో ఒకటి దాన్ని అసలు ప్రస్తావించలేదు. ఒకటి కలిపింది, కానీ ఇంట్లో సామానంతా ఒకేసారి ఎత్తుకుపోరని లెక్కేసి, మొత్తంలో పాతిక శాతం వరకే ఇస్తానంది. ఇంకొకటి పూర్తి మొత్తానికి ఇస్తానంది, ప్రీమియం ఎక్కువ. బంగారం సంగతి మళ్లీ వేరు. నగలు మామూలు సామానులోకి రావు, విడిగా చెప్పి విడిగా రాయించుకోవాలి. ఇంట్లో ఉన్న నగదు అసలే రాదు. ఇప్పుడు చెప్పు, సరుకు అన్నిచోట్లా ఒకటేనా?

తమ్ముడు: అడుగున ఉన్నది ఒకటే, పైన కలిపేవి వేరు. ఒప్పుకున్నాను. దొంగతనం మా పాలసీలో ఉందో లేదో నేను చూసుకోలేదు.

అక్క: ఆయనను అడుగు.

తమ్ముడు: అడుగుతాను. కానీ ఇంకో మాట విను. ఇది నా మనసులో గట్టిగా నిలిచిపోయిన మాట. మా వీధిలో మాకు నాలుగిళ్ల అవతల ఒకాయన ఉన్నారు. చదువుకున్నవారు, జాగ్రత్తపరులు. వరదకు ముందు వేసవిలోనే ఇంటికి బీమా చేయించాలనుకున్నారు. రెండు కంపెనీల ధరలు తెప్పించుకున్నారు. మూడోది ఇంకా రాలేదన్నారు. తర్వాత ఏసీలకు విడిగా కలపాలా అక్కర్లేదా అని ఆలోచించారు. జూలై అయింది, ఆగస్టు అయింది. అందరం కృష్ణ వైపే చూస్తున్నాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ వరదలో 11.43 లక్షల క్యూసెక్కులు దాటించారు, కరకట్ట ఆగుతుందా ఆగదా అని అందరి గుండెలూ అటే. ఇంట్లోకి వచ్చింది కృష్ణ కాదు. బుడమేరు వాగుకు గండ్లు పడి, సెప్టెంబరు 1న వెనక నుంచి వచ్చింది. ఆయన దగ్గర రెండు కొటేషన్లు ఉన్నాయి, పాలసీ లేదు. ప్రభుత్వం గ్రౌండు ఫ్లోరు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ఇచ్చింది. ఆయనకు వచ్చింది ఆ 25 వేలే. నేను ఎక్కువ ధరకు కొనేవాణ్ణే కావచ్చు అక్కా. ఏడాదికి ఐదు వందలు ఎక్కువ కడితే పదేళ్లకు 5 వేలు. ఆయన పోగొట్టుకున్నదానిలో అది ఎన్నో వంతు?

అక్క: దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. వెతుకుతూ వెతుకుతూ కొనకుండా ఉండిపోయేవాళ్లు ఉన్నారు, వాళ్లను చూశాను. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు అవుతుంది. మా అపార్టుమెంటులో నలభై ఫ్లాట్లకు ఇంటి బీమా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2020 అక్టోబరు వానలకు సెల్లారులో నీళ్లు నిండాక ఒక నెల రోజులు అందరూ దాని గురించే మాట్లాడారు. ఆ తర్వాత దీపావళి వచ్చింది, మర్చిపోయారు.

కానీ ఆయన చేసిన తప్పు అడగడం కాదురా, అడగడానికి గడువు పెట్టుకోకపోవడం. నేను ఒక శనివారం ఫోన్లు చేశాను, ఆదివారం కాగితాలు చదివాను, సోమవారం డబ్బు కట్టాను. ప్రీమియం కట్టకుండా ఏ కంపెనీ పూచీ తీసుకోదు, చట్టమే ఒప్పుకోదు. ఆ సంగతి తెలిసినవాళ్లు మూడో కొటేషను కోసం ఆగరు. రెండోదానితో కొనేసి, వచ్చే ఏడాది మూడోవాణ్ణి అడుగుతారు. ఆరోగ్య బీమాలోలా పాత జబ్బులకు ఇన్నేళ్లు ఆగాలన్న లెక్క ఇందులో లేదు. కంపెనీ మారినంత మాత్రాన పోయేదేమీ లేదు.

తమ్ముడు: అందరూ నీలా శనివారం మొదలుపెట్టి సోమవారం ముగించరు. అమ్మ ముగించగలదా? మా వీధి చివర టైలరింగు చేసుకునే ఆవిడ ముగించగలదా? నువ్వు బడిలో ముప్పై ఏళ్లు కాగితాలు చదివి, దిద్ది అలవాటు పడ్డ మనిషివి. ఇరవై పేజీల పాలసీ నీకు భయం కాదు. వాళ్లకు కావలసింది ఇరవై పేజీలు చదివి రెండు మాటల్లో చెప్పే ఒక మనిషి.

అక్క: ఆ మనిషి ఎన్ని కంపెనీలవి చదివి చెబుతారన్నదే నా ప్రశ్న. మీ ఏజెంటు మంచివారే. కానీ ఏజెంటుగా ఆయన ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీకే పని చేయగలరు. పక్క కంపెనీ పాలసీ నీకు బాగుంటుందని తెలిసినా ఆయన అమ్మలేరు, అమ్మలేనిది చెప్పనూ చెప్పలేరు. అది ఆయన గుణంలో లోపం కాదు, ఆయన కూర్చున్న చోటు అలాంటిది. బ్రోకరు అయితే వేరు. బ్రోకరు కొనేవాళ్ల తరఫు మనిషి, అన్ని కంపెనీలవీ తెప్పించగలడు. మనిషే కావాలంటే ఆ మనిషిని కూడా ఇద్దరు ముగ్గుర్ని అడిగి ఎంచుకోవచ్చు కదా. నమ్మకానికి విచారణ విరోధం అని ఎందుకు అనుకుంటున్నావు?

తమ్ముడు: ఎందుకంటే మనవాళ్లకు విచారించడమంటే బేరమాడటం. "ఆ కంపెనీ వాళ్లు ఇంత తగ్గించారు, మీరెంత తగ్గిస్తారు?" అని మా ఏజెంటును ఎందరో అడుగుతారట. కమిషన్‌లోంచి తగ్గించి ఇవ్వడం 1938 బీమా చట్టం 41వ సెక్షను ప్రకారం నిషిద్ధం. ఆయన ఇవ్వనంటే గర్వమంటారు. ఇచ్చేవాడి దగ్గరికి పోతారు. ఇక్కడ తగ్గించి ఇచ్చినవాడు రేపు బురదలో వస్తాడా? ఒక్కో ఇంటి పాలసీ మీద ఏజెంటుకు మిగిలేది వంద, రెండు వందలు. ఆ డబ్బు కోసమే అయితే ఎవరూ మోకాలి లోతు నీళ్లలో నడిచి రారు. ఇన్నేళ్లు తన దగ్గరే ఉన్నామన్న గౌరవంతో వస్తారు. ఏటా గుమ్మం మార్చేవాళ్ల ఇంటికి రారు, రాలేదని తప్పు పట్టలేం కూడా.

అక్క: బేరం వద్దు. నేను ఎవరి దగ్గరా తగ్గించమని అడగలేదు. కాగితంలో ఏముందో చెప్పమన్నాను, అంతే.

తమ్ముడు: సెప్టెంబరు పదో తారీఖు నాటి మా వీధి చెబుతాను, విను. పరుపులు, సోఫాలు, ఉబ్బిపోయిన బీరువాలు అన్నీ రోడ్డు మీద కుప్పలు. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడుగుతున్నారు. మున్సిపాలిటీ ట్రాక్టరు కుప్పల్ని ఎత్తుకుపోతోంది. మా పక్కింటాయన ఆన్‌లైనులో అందరికన్నా చవకగా కొన్న పాలసీ ఉంది. ఆయన ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది. సర్వేయర్ రావడానికి సమయం పడుతుంది, అందాకా ఏదీ పారేయకండి అన్నారు. కుళ్లు వాసన వస్తున్న పరుపు ఇంట్లో పెట్టుకుని ఎన్నాళ్లు ఉంటారు? ఆయన భార్య ఏడ్చి పారేయించింది. సర్వేయర్ వచ్చేసరికి చూపించడానికి ఖాళీ గది ఉంది. "పారేసే ముందు ప్రతి వస్తువునూ ఫోటో తీయండి, సీరియల్ నంబరు కనబడేలా తీయండి, తర్వాత పారేయండి" అని ఒక్క మనిషి చెప్పి ఉంటే చాలు. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఏటా ఐదు వందలు ఎక్కువ కడుతున్నాననుకో.

అక్క: ఆ దంపతుల్ని తలచుకుంటే నాకూ మనసు పిండేసినట్టుంది. ఆ వాక్యం విలువ ఐదు వందల కన్నా ఎక్కువే. కానీ ఆ వాక్యాన్ని ఇప్పుడు నువ్వూ నేనూ కూడా చెప్పగలం. ఒకసారి తెలిశాక అది మనందరిదీ. దానికోసం ఒకే గుమ్మానికి కట్టుబడి ఉండక్కర్లేదు.

ఇంకొకటి. క్లెయిమ్ మొత్తం నిర్ణయించేది ఏజెంటు కాదు. సర్వేయర్ లెక్క కడతారు, కంపెనీ ఒప్పుకుంటుంది లేదా కోత పెడుతుంది. అక్కడ మీ ఏజెంటు చేతిలో ఏమీ లేదు. ఆయనకు రేపు అరవై ఐదేళ్లు వస్తాయి, పని మానేస్తారు, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతారు. ఆ రోజున నీ చేతిలో మిగిలేది కాగితమే. కంపెనీ అన్యాయం చేస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. నెల రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాదులోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వినగలరు. అక్కడ అడిగేది "మీ ఏజెంటు ఎంత మంచివాడు?" అని కాదు. "పాలసీలో ఏం రాసి ఉంది?" అని.

తమ్ముడు: అంబుడ్స్‌మన్ దాకా వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఇల్లు పోయిన మనిషి ముందు గ్యాసు పొయ్యి కొనుక్కోవాలి, పిల్లల్ని బడికి పంపాలి. హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకునే సత్తువ వేరు. నా వాదన అంతా ఆ సత్తువ గురించే.

అక్క: అవును. నేను లెక్కలోకి తీసుకోనిది అదే కావచ్చు. మా ఫ్లాటు రెండో అంతస్తు. నా ఇంట్లోకి ఎప్పుడూ నీళ్లు రాలేదు. నీళ్లు వచ్చిన మనిషి ఎంత అలిసిపోతాడో నేను పుస్తకంలో చదివినట్టు తెలుసుకున్నాను, నువ్వు ఒంటితో తెలుసుకున్నావు.

అయినా నా అనుమానం ఒకటి అలాగే ఉంది. నీ ఏజెంటు పదేళ్ల పాలసీ ఇచ్చారా, ఏడాదిదా?

తమ్ముడు: ఏడాదిది. ఏటా ఆయనే గుర్తు చేస్తారు.

అక్క: ఈ పాలసీ ఒకేసారి పదేళ్లకు తీసుకోవచ్చు. ఏడాదికి మించి తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం దానంతటదే పెరుగుతుంది, దానికి విడిగా ప్రీమియం లేదు. ఇటుక, సిమెంటు, కూలి పెరుగుతున్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు. నీకు చెప్పారా?

తమ్ముడు: చెప్పినట్టు గుర్తులేదు. చెప్పి ఉండొచ్చు, నేను ఒకేసారి అంత కట్టలేనని తెలిసి వదిలేసి ఉండొచ్చు. కానీ చూడు, పదేళ్లకు ఒకేసారి కట్టేస్తే నువ్వే ఇక పోల్చడానికి లేదు. నీ పద్ధతి ప్రకారం ఏటా అడగాలి, నీ లాభం ప్రకారం పదేళ్లకు ఒకేసారి కట్టాలి. రెండూ కుదరవు.

అక్క: కుదరవు. నేను మూడేళ్లకు తీసుకున్నాను. అది కూడా సరైనదో కాదో గట్టిగా చెప్పలేను.

తమ్ముడు: మరి అమ్మ ఇంటి సంగతేమిటి? మనం ఇంతసేపూ మన ఇళ్ల గురించే మాట్లాడాం. ఊళ్లో ఆ పెంకుటిల్లుకు ఏ బీమా లేదు. అమ్మ ఒక్కతే ఉంటుంది.

అక్క: అది ఇంకా నాన్న పేరునే ఉంది. పాలసీ ఎవరి పేరున తీసుకున్నా, క్లెయిమ్ రోజున ఇల్లు ఎవరిదో కాగితం చూపించమంటారు. ముందు పేరు మార్పించాలి. గోడలు ఇటుకవా మట్టివా, కప్పు ఏమిటి అని కూడా అడుగుతారు. వెనక వసారా మట్టిగోడే. ఎవరు ఒప్పుకుంటారో, ఏమని రాస్తారో రెండు మూడు చోట్ల అడగాలి.

తమ్ముడు: నేను మా ఏజెంటును ఆదివారం ఊరికి తీసుకెళతాను. కళ్లారా చూసి చెబుతారు. జూన్‌లో వానలు మొదలవుతాయి అక్కా, ఇప్పటికే ఏప్రిల్.

అక్క: తీసుకెళ్లు. వసారాకు కూడా టేపు పట్టమను. నేను ఇక్కడి నుంచి ఇంకో రెండు చోట్ల అడుగుతాను.

తమ్ముడు: అర్ధరాత్రి నీళ్లు వస్తే అమ్మ ఎవరికి ఫోన్ చేస్తుంది?

అక్క: నీకే చేస్తుంది.

తమ్ముడు: మరి నేనెవరికి చెయ్యాలి?

అక్క: ఆయనకే చెయ్యి. కానీ ఆ రోజు ఆయన ఏ కాగితం పట్టుకుని వస్తారో, ఈ ఆదివారమే నాకు చూపించు.